ఎవరో ఆవిడ

లిటిల్ జోర్డాన్ బాప్టిస్టు చర్చిలో ఎవరు ఏ బెంచీలో కూర్చోవాలో నిర్ణయించేది పాస్టరు కాదు, వెర్లీన్ మేస్. తెల్ల యూనిఫారం, తెల్ల చేతితొడుగులు, గుండె మీద ‘ప్రెసిడెంట్’ అని రాసిన బిళ్ళ, ఎడమ చెయ్యి నడుం వెనక. గుమ్మం దగ్గర నిలబడే అషర్లు ఆరాధన జరుగుతున్నంతసేపూ నోరు విప్పకూడదు, అంతా చేతి సైగలే. కొత్త మొహం కనబడితే మాత్రం ఒక్క ప్రశ్న అడగొచ్చు: మీరెవరి తాలూకు? వారమంతా ఆమె డౌన్‌టౌన్‌లో ఒక హోటలు నేలమాళిగలో దుప్పట్లు మడతపెట్టేది. అక్కడ ఆమెకు పేరుందన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు. ఆదివారం పొద్దున మాత్రం డాక్టరైనా, లాయరు పెళ్ళామైనా ఆ తెల్ల తొడుగు ఎటు చూపిస్తే అటు నడవాల్సిందే. ఆలస్యంగా వచ్చారని సాక్షాత్తూ పాస్టరు గారి భార్యనే ఒకసారి ప్రార్థన అయ్యేదాకా గుమ్మంలో నిలబెట్టింది. షికాగో నల్లవాళ్ళ పేట మా సౌత్ సైడ్‌లో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ సైగలు చదవడం అందరికన్నా ముందు నేర్చినవాడు హోసియా టాలివర్. వెర్లీన్ చెల్లెలి కొడుకు. తల్లి పోయాక పసివాణ్ణి మిసిసిపీ నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని షికాగో తెచ్చి పెంచింది ఆమే. వాడికి కాళ్ళు పెడల్‌కు అందకముందే చర్చి పియానో పట్టుబడింది గానీ, తొందర మహా ఎక్కువ. పాడేవాళ్ళు రెండో చరణంలో ఉండగానే వీడు ఆమెన్ దగ్గరికి చేరి వాళ్ళ కోసం ఎదురుచూస్తుండేవాడు. గుమ్మం దగ్గర నుంచి పెద్దమ్మ అరచెయ్యి బోర్లించి, పిండి మీద గుడ్డ సర్దుతున్నట్టు మెల్లగా కిందికి దించేది. ఇంటికొచ్చాక అదే నోటితోనూ చెప్పేది. తొందర లేదు బాబూ, పియానో నిన్ను వదిలేసి ఎక్కడికీ పారిపోదు, చెప్పాల్సింది మింగెయ్యకుండా మొత్తం చెప్పు అనేది.

పెద్దయ్యాక హోసియా పగలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాడు. ఆదివారం పొద్దున చర్చిలో వాయించేవాడు. సాయంత్రాలు నలభై ఏడో వీధిలో పికెట్ బారులో తన చిన్న జట్టుతో జాజ్ వాయించేవాడు. బాస్ మీద క్లియోఫస్, డ్రమ్స్ మీద వెంట్రెస్. పేరుకు జాజ్ గానీ, అందులో సగం చర్చిలో చందా పళ్ళెం తిరుగుతున్నప్పుడు వాయించే వరసలే. బారులో గ్లాసు పట్టుకున్నవాళ్ళూ ఆదివారం పొద్దున ఏదో ఒక చర్చి బెంచీ మీద కూర్చునేవాళ్ళే కదా, చప్పట్లు ఎక్కడ పడాలో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది చర్చికి తెలియదా అంటే, తెలుసు. అంత బాగా వాయించే మనిషి మళ్ళీ దొరకడు కాబట్టి పెద్దలు తెలియనట్టు ఊరుకున్నారు. రెవరెండ్ స్ప్రూయిల్ మాత్రం హోసియాను తన గదిలోకి పిలిచి ఒక షరతు పెట్టాడు.

“నువ్వక్కడ వాయించడం నీ పొట్టకూటి సంగతి. అది నువ్వూ దేవుడూ చూసుకోండి. మన చర్చి మనిషి ఒక్కరు నీ వల్ల ఆ బారు గుమ్మం తొక్కారని తెలిస్తే మాత్రం, ఆ రోజుతో నీకూ నా పియానోకూ సరి.”

హోసియా బైబిలు మీద చెయ్యి వెయ్యలేదు గానీ, వేసినంత గట్టిగా మాటిచ్చాడు.

ఓటిస్ బ్రిగ్స్ అని ఒకాయనకు రికార్డుల కొట్టు ఉండేది, కొట్టు వెనక చిన్న కంపెనీ కూడా ఉండేది. ఈ జట్టు చేత ఒక ఆల్బమ్ చేయిస్తానని ముందుకొచ్చాడు. అదీ స్టూడియోలో కాదు, పికెట్ బారులోనే, ఆదివారం మధ్యాహ్నం, జనం మధ్యలో. మనిషి వ్యాపారస్తుడే అయినా ఈ విషయంలో చెవి ఉన్నవాడు. స్టూడియోలో తీసిన రికార్డు పెళ్ళి ఫొటో లాంటిది, అందరూ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు. ఈ సంగీతానికి మాటకు మాట బదులిచ్చే జనం కావాలి.

ఆ కబురు తెలిసినప్పటి నుంచి హోసియాకు తిండి సహించలేదు. ముప్పై దాటిన మనిషి, పెద్దమ్మ వంటింట్లో నిలబడి చిన్నపిల్లాడిలా బతిమాలాడు. తనకు ముఖ్యమైన ఏ రోజూ ఆమె గుమ్మంలో లేకుండా గడవలేదన్నాడు. వెనక తలుపు గుండా వస్తే ఎవరి కంటా పడదన్నాడు. మూల కుర్చీలో కూర్చుని అల్లం సోడా తాగి వెళ్ళిపోవచ్చన్నాడు. ఆమె అట్లకాడ చూపించి పొమ్మంది. అషర్ల ప్రెసిడెంట్ బారులో అడుగుపెట్టడం ఎంత తప్పో ఇద్దరికీ తెలుసు. పాస్టరుకు తానిచ్చిన మాట సంగతి మాత్రం హోసియా ఆమెకు చెప్పలేదు. చెబితే చచ్చినా రాదు.

వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక తొడుగులు విప్పి సంచిలో దాచుకుని, టోపీ వల ముక్కు దాకా లాక్కుని, పికెట్ బారు వంటింట్లో చేపల వేపుడు పొగ మధ్యలోంచి వచ్చి మూల కుర్చీలో కూర్చుంది.

మొదటి పాటలు ఎలాగో నడిచాయి. తర్వాతది నెమ్మదిగా సాగాల్సిన వరస, చందా పళ్ళెం వేళ వాయించేదే, ఇంకా పేరు పెట్టలేదు. హోసియా మైకులు చూసి బెదిరి దాన్ని ఎత్తుకోవడమే పరుగున ఎత్తుకున్నాడు. క్లియోఫస్ కళ్ళెర్రజేశాడు. వెంట్రెస్ తలాడించి ఆపబోయాడు. పియానో వినే స్థితిలో లేదు. అప్పుడు మూల నుంచి ఒక గొంతు లేచింది. ఇన్నేళ్ళూ చర్చి గుమ్మంలో నోరు కట్టేసుకుని నిలబడ్డ మనిషి, చేతికి తొడుగు లేకపోయేసరికి నోరు విప్పింది. ఎక్కడ కూర్చుందో మరిచిపోయింది.

“తొందర లేదు బాబూ. మొత్తం చెప్పు.”

బారంతా గొల్లుమంది. హోసియా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. సగం వేగంతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. వెంట్రెస్ కర్రలు పక్కన పడేసి మెత్తగా పలికే తీగల కుంచెలు అందుకున్నాడు. జనం నవ్వడం మాని, చర్చిలో చరిచినట్టే చప్పట్లు చరచసాగారు. పియానో ఒక మాట అనడం, మూల నుంచి “ఊఁ” అని రావడం. పియానో ఇంకో మాట అనడం, “అదీ, ఇప్పుడు చెప్పావు” అని రావడం. ప్రసంగం మంచి పట్టు మీద ఉన్నప్పుడు పాస్టరుకు సభ బదులిస్తుందే, అచ్చం అలా. పాట ముగిశాక గానీ వెర్లీన్‌కు ఒంటి మీద తెలివి రాలేదు. నోటి మీద చెయ్యి వేసుకుని, సోడా సగంలో వదిలేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

కాసేపాగి రెండో ఆటలో అదే వరస మళ్ళీ వాయించారు. ఎవరూ అడ్డం మాట్లాడలేదు, తప్పు కూడా ఎక్కడా పడలేదు. అయినా ఏదో చప్పగా పోయింది.

కొన్నాళ్ళకు బ్రిగ్స్ కొట్టు వెనక గదిలో రెండు టేపులూ పెట్టుకుని విన్నారు. మొదటిది వినగానే బ్రిగ్స్ చేతులు రుద్దుకున్నాడు. ఇదే వేద్దాం, పేరు కూడా ఆవిడే పెట్టేసింది, ‘తొందర లేదు బాబూ’ అనేద్దాం అన్నాడు. ఆ తర్వాత జాగ్రత్త గుర్తొచ్చింది.

“అవునూ, ఆ మాట్లాడినావిడ ఎవరు? రేపొచ్చి నా గొంతెందుకు వాడుకున్నారని మీద పడదు కదా? ఇబ్బందనిపిస్తే చెప్పు, రెండోది వేసేద్దాం.”

హోసియా నేల చూపులు చూశాడు. రెండోది వేస్తే ఎవరికీ ఏమీ కాదు. మొదటిది వేస్తే లిటిల్ జోర్డాన్‌లో ఆ గొంతు పోల్చుకోని చెవి ఉండదు, బుధవారం ప్రార్థనల్లో ఏళ్ళుగా వింటున్న గొంతు. అంతా తెలుసు. కానీ తాను పుట్టాక వాయించిన వాటిలో నిజంగా బాగున్నది ఆ ఒక్కటేనని కూడా అతనికి తెలుసు.

“ఎవరో ఆవిడ,” అన్నాడు. “నాకు తెలీదు.”

ఆ మాట బయటపడగానే, కోడి కుయ్యకముందే యేసు ఎవరో తనకు తెలీదని బొంకిన పేతురు గుర్తొచ్చాడు. చర్చి బెంచీల మీద పాకి పెరిగినవాడికి గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? కోడి కుయ్యలేదు గానీ, బయట వీధిలో లారీవాడెవడో హారన్ కొడితే ఉలిక్కిపడ్డాడు.

సరస్సు మీద నుంచి చలిగాలి మొదలయ్యే నాటికి రికార్డు బయటికొచ్చింది. మా వీధిలో పావలా నాణెం వేస్తే పాడే ప్రతి పెట్టెలోనూ అదే పాట. మంగలి చేతిలో కత్తి తొందరపడితే, కుర్చీలోవాడు “తొందర లేదు బాబూ” అనేవాడు. వేయించిన కోడి అమ్మే కొట్లో జనం కేకలేస్తే కొట్టువాడూ అదే అనేవాడు. పోస్టాఫీసులో తోటివాళ్ళు హోసియా వీపు మీద చరిచి ఆ గొంతును అనుకరించి నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఇన్నాళ్ళూ ఏ పేరు కోసం కలలు కన్నాడో ఆ పేరు వచ్చింది, ఆ పాట మొదలైతే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి నడిచేవాడు.

అషర్ల బోర్డులో వెర్లీన్ తర్వాతి మనిషి లవీనియా మాబ్రీ. ఆమె ఆ పాటను బ్యూటీ పార్లర్‌లో, తల మీద వేడిగాలి మిషను గీపెడుతుండగా విన్నది. అయినా పోల్చుకుంది. ఆ ప్రెసిడెంట్ బిళ్ళ మీద ఏళ్ళుగా కన్నున్న మనిషికి ఆ గొంతు ఎంత రొదలోనైనా వినబడుతుంది. నిజం తేల్చడానికి చర్చి వ్యవహారాలు చూసే డీకన్లంతా డీకన్ హార్గ్రోవ్ ఇంట్లో రికార్డు పెట్టుకుని కూర్చున్నారు. ఒకసారి వింటే తేలిపోయేదే, పొరపాటు పడకూడదని మళ్ళీ మళ్ళీ విన్నారు. వాళ్ళ బూట్లు నేల మీద తాళం వేస్తూనే ఉన్నాయని హార్గ్రోవ్ భార్య చెప్పింది.

చర్చి సభలో అందరి ముందూ వెర్లీన్‌ను నిలబెట్టారు. రెవరెండ్ స్ప్రూయిల్‌కు ఆమె అంటే గౌరవమే, అడగడానికి ఇబ్బంది పడ్డాడు.

“ఆ గొంతు నీదేనా సిస్టర్ మేస్?”

“నాదే.”

“అక్కడికి నిన్నెవరు తీసుకెళ్ళారు?”

“నా కాళ్ళు తీసుకెళ్ళాయి రెవరెండ్. అవి ఇంకొకరి మాట వినవు.”

హోసియా పియానో బెంచీ మీదే ఉన్నాడు. లేచి నేనే పిలిచానంటే చాలు. అంటే ఆ బెంచీ పోతుంది. పాటల పుస్తకంలో పేజీలు తిప్పాడు, ఏ పేజీ కావాలో అతనికే తెలియదు. పెద్దమ్మ తన వైపు చూస్తుందేమోనని భయపడ్డాడు. ఆమె చూడలేదు. చూసి ఉంటే లేచి చెప్పేవాణ్ణని ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు గానీ, అది అబద్ధమని తెలుస్తూనే ఉంది.

సభకు తృప్తి కలిగేదాకా ఆమె గుమ్మం దగ్గర నిలబడకూడదని, చిట్టచివరి బెంచీలో కూర్చోవాలని తీర్మానించారు. మా చర్చిల్లో దీన్ని కూర్చోబెట్టడం అంటారు, వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. వెర్లీన్ ఒక్కొక్క వేలే లాగి తొడుగులు విప్పింది, మడిచింది, బిళ్ళ పైన పెట్టి లవీనియా చేతికిచ్చింది. ఆమె వెనక్కి నడుస్తుంటే చర్చి మరీ నిశ్శబ్దంగా అనిపించి, రెవరెండ్ పియానో వైపు సైగ చేశాడు, ఏదైనా నెమ్మదిగా వాయించమని. హోసియా వాయించాడు. మిగతావన్నీ క్షమించినా, అది క్షమించడం కష్టం.

వెనక పాడేవాళ్ళను చూసుకోవడానికి పియానో మీద చిన్న అద్దం ఉండేది. ఆ చలికాలమంతా హోసియాకు ఆ అద్దంలో చివరి బెంచీయే కనబడేది. తొడుగులు లేని చేతులు ఏం చెయ్యాలో తెలియక వెర్లీన్ వాటిని ఒళ్ళో పెట్టుకునేది. ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ నడుం వెనక్కి పోయి బెంచీ చెక్కకు తగిలి తిరిగొచ్చేది. గుమ్మం దగ్గర లవీనియా ప్రార్థన మధ్యలో జనాన్ని తోలుకొచ్చేది, పసిపిల్లల తల్లులను తీసుకెళ్ళి ముందు వరసలో పడేసేది. వెర్లీన్ కళ్ళు మూసుకునేది. హోసియా అద్దాన్ని ఒకసారి పక్కకు తిప్పేశాడు. కనబడకపోతే ఇంకా బాధగా ఉండి మళ్ళీ సరిచేశాడు.

ఆదివారం భోజనం మాత్రం ఎప్పటిలా ఆమె ఇంట్లోనే. కోడి, గ్రేవీ, ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. ఆమె హోటలు సంగతులు చెప్పేది, ఇరుగుపొరుగు సంగతులు చెప్పేది, ఆ సంగతి మాత్రం ఎత్తేది కాదు. తిట్టి ఉంటే బాగుండునని హోసియా మొక్కుకున్నాడు. ఒక ఆదివారం కంచం పక్కన ఆల్బమ్ అట్ట కనబడింది. కింది వాటా అమ్మాయి ఇచ్చి ఉంటుంది. ముఖం వైపు హోసియా ఫొటో, అది బల్ల మీదకు బోర్లించి ఉంది. వెనక వైపు అక్షరాలు పైకి ఉన్నాయి.

“ఇది చదువు. నా కళ్ళద్దాలు కనబడట్లేదు,” అంది వెర్లీన్. కళ్ళద్దాలు ఆమె మెడలో గొలుసుకు వేలాడుతున్నాయి.

హోసియా చదివాడు. బ్రిగ్స్ ఎవరి చేతో రాయించిన పొగడ్తలు, ఊరి పేరు, బారు పేరు. చివరి వాక్యం కూడా చదవక తప్పలేదు. ఈ పాటకు ప్రాణం పోసిన ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదని, పియానో ముందు కూర్చున్న టాలివర్‌కు కూడా తెలియదని రాసి ఉంది.

ఆ మాట బ్రిగ్స్‌కు చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే. వెర్లీన్ అట్ట తీసుకుని, దుమ్ము లేకపోయినా ఒకసారి తుడిచి, పక్కన పెట్టింది.

“గ్రేవీ పేరుకుంటోంది. తిను,” అంది.

తిన్నాడు. ఏం తిన్నాడో తెలియదు. ఆ వారమంతా పోస్టాఫీసులో ఒక వీధి ఉత్తరాలు ఇంకో వీధి గూట్లో పడ్డాయి.

తర్వాతి ఆదివారం సాక్ష్యాలు చెప్పుకునే వేళ, రోగాలు నయమైనవాళ్ళు, ఉద్యోగాలు దొరికినవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పి కూర్చున్నాక, పియానో బెంచీ జరిగిన చప్పుడైంది. హోసియా లేచి నిలబడ్డాడు. సభలో అతను మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు కాబట్టి, జనం వేడికి అషర్లు పంచిన విసనకర్రలు ఊగడం ఆగింది.

“వెర్లీన్ పెద్దమ్మని అక్కడికి పిలిచింది నేను. రానంటే బతిమాలాను. రెవరెండ్ గారికి ఇచ్చిన మాట తప్పాను. తప్పు నాది, ఆవిడది కాదు. మీరంతా నన్ను క్షమించాలి.”

గబగబా అనేశాడు. సభలో అక్కడక్కడా “ఊఁ” అన్నారు, ఒకరిద్దరు ఆడవాళ్ళు “పోనీలే బాబూ” అని కూడా అన్నారు. బరువు దిగినట్టే అనిపించి కూర్చోబోయాడు. అంతలో చివరి బెంచీ నుంచి వినిపించింది.

“తొందర లేదు బాబూ. మొత్తం చెప్పు.”

వీధి వీధంతా నవ్వుతూ వల్లించిన మాట అది. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. హోసియా పియానో మూత పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలక, అద్దంలో ఆమె ముఖం చూస్తూ మాట్లాడాడు.

“టేపులు రెండున్నాయి. ఒకదాంట్లో ఆవిడ గొంతు లేదు. అదే వేసి ఉండొచ్చు. ఇది వేస్తే మీరు గుర్తుపడతారని నాకు తెలుసు. ఆవిడకి ఏం జరుగుతుందో కూడా తెలుసు. పాట బాగుందని ఉంచాను. ఆవిడెవరని బ్రిగ్స్ అడిగాడు. ఎవరో ఆవిడ, నాకు తెలీదన్నాను. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఈ ఊరు తెచ్చిన మనిషిని.”

రికార్డు మళ్ళీ మళ్ళీ విన్న డీకన్ హార్గ్రోవ్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

రెవరెండ్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. పియానో లవీనియా మేనకోడలి చేతికి పోయింది. హోసియాను కూర్చోబెట్టారు. తొడుగులూ బిళ్ళా వెర్లీన్‌కు తిరిగొచ్చాయి. రికార్డు పేరు చూసి హోసియాను ఎగరేసుకుపోవడానికి ఊళ్ళో మిగతా చర్చిలు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి రెండు కబురు కూడా పెట్టాయి. అతను వెళ్ళలేదు.

మరుసటి ఆదివారం ఇంటి దగ్గర బయల్దేరడానికే కాళ్ళు రాక, ఆలస్యంగా వచ్చాడు. మెట్ల మీద ఉండగానే లోపల లవీనియా మేనకోడలి పియానో పరుగులు పెడుతూ వినబడింది. గుమ్మంలో పెద్దమ్మ. తెల్ల తొడుగులు, ఎడమ చెయ్యి నడుం వెనక. కుడి అరచెయ్యి నిలువుగా పైకెత్తింది. ప్రార్థన మొదలైంది, ఆగమని. ఆగాడు. ప్రార్థన ముగిశాక తలుపు పూర్తిగా తెరిచి, అతన్ని కింది నుంచి పైదాకా, ఇంతకుముందు ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

“మీరెవరి తాలూకు?” అని అడిగింది.

దగ్గరి బెంచీలవాళ్ళు వెనక్కి తిరిగారు. హోసియా టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

“వెర్లీన్ మేస్ తాలూకు,” అన్నాడు.

“ముందు వరసకి వినబడలేదు.”

“వెర్లీన్ మేస్ తాలూకు నేను. ఆవిడ చెల్లెలి కొడుకుని. ఆవిడే పెంచింది.” ఈసారి గొంతు చర్చి చివరిదాకా వెళ్ళింది, పియానో దగ్గర ఆ అమ్మాయి కూడా తిరిగి చూసింది.

వెర్లీన్ తల ఊపింది. తొడుగు చేత్తో అతని మోచెయ్యి పట్టుకుని, ఆ చలికాలమంతా తాను కూర్చున్న చివరి బెంచీ దగ్గరికి నడిపించి, తాను కూర్చున్న చోటే కూర్చోబెట్టింది. చేతికి ఒక విసనకర్ర ఇచ్చి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.